సైలెన్సర్‌లో ఆ ‘మట్టి’ ఏంటి? దొంగలు ఎందుకు ఎత్తుకెళ్తున్నారు? ప్లాటినం ఒక్కటే కాదు.. కింద ఉన్న ఆక్సైడ్‌దీ సగం పని!

ఇంటి ముందు రాత్రి పార్క్ చేసిన వ్యాన్. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ట్రాక్టర్‌లా చెవులు చిల్లులు పడే సౌండ్. కిందికి వంగి చూస్తే.. సైలెన్సర్‌లో ఒక భాగం మాయం! కొన్నేళ్లుగా దేశంలోని చాలా నగరాల్లో ఇలాంటి చోరీ కేసులు నమోదవుతున్నాయి. దొంగలకు కావాల్సింది ఆ ఇనుప గొట్టం కాదు. దాని లోపల ఉండే పొడి. ఈ దందాలో దాన్ని ‘మట్టి’ అంటారు.

ఆ మట్టిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం అనే ఖరీదైన లోహాలు ఉంటాయని చాలామందికి ఇప్పటికే తెలుసు. 2021 మార్చిలో రోడియం ధర ఔన్సుకు, అంటే 31 గ్రాములకు, దాదాపు 29 వేల డాలర్లకు చేరింది. బంగారం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే ఈ చోరీలు.

కానీ ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. పూర్తిగా పాడైపోయి, పొగను ఏమాత్రం శుభ్రం చేయలేని పాత సైలెన్సర్‌లో కూడా ఆ ఖరీదైన లోహాలు చాలావరకు అలాగే ఉంటాయి. స్క్రాప్ కొనేవాళ్లు డబ్బులిచ్చేది వాటికే. మరి లోహం ఉన్నా అది ఎందుకు పని చేయట్లేదు? సమాధానం ఆ ‘మట్టి’లోనే ఉంది. అసలు లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

లోపల ఏముంటుంది?

ఇంజిన్ నుంచి వచ్చే పొగ గొట్టంలో ఉండే ఈ భాగం పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. కార్లలోనే కాదు, ఇప్పటి బైకుల సైలెన్సర్లలో కూడా ఇది ఉంటుంది. దీన్ని కోసి చూస్తే తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మె లాంటిది కనిపిస్తుంది. బొటనవేలంత వెడల్పున్న చోట కూడా వందల కొద్దీ రంధ్రాలు ఉంటాయి. పొగ మొత్తం వాటిలోంచే బయటికి పోవాలి.

ఆ రంధ్రాల గోడలకు సున్నం పూసినట్టు ఒక పూత ఉంటుంది. ఇందులో ఎక్కువ భాగం ఆక్సైడ్లే. ఆక్సైడ్ అంటే లోహం ఆక్సిజన్‌తో కలిసి తయారయ్యే పదార్థం. ఇనుముకు పట్టే తుప్పు కూడా ఆక్సైడే. ఈ పూతలో అల్యూమినియం ఆక్సైడ్, సీరియం ఆక్సైడ్, జిర్కోనియం ఆక్సైడ్ ఉంటాయి. వాటి మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం కంటికి కనిపించనంత చిన్న రేణువుల రూపంలో అంటుకుని ఉంటాయి. మొత్తం కలిపినా ఖరీదైన లోహం బరువు కొన్ని గ్రాములే.

అంటే దొంగల భాషలో ‘మట్టి’ అన్న మాట పూర్తిగా తప్పేం కాదు. పాతకాలం కెమిస్టులు కూడా ఆక్సైడ్లను ‘మట్టి’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలిచేవాళ్లు. సీరియం లాంటి మూలకాలకు ‘రేర్ ఎర్త్స్’ అనే పేరు అలా వచ్చిందే.

ఈ కన్వర్టర్ చేసే పనేంటి?

పెట్రోల్ బండి పొగలో మూడు ప్రమాదకరమైన వాయువులు ఉంటాయి.

ఒకటి.. కార్బన్ మోనాక్సైడ్. ఇది రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టేసుకుంటుంది. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే ప్రాణాలు పోయేది దీనివల్లే.

రెండు.. సరిగ్గా కాలని పెట్రోల్ ఆవిరి. వీటినే హైడ్రోకార్బన్లు అంటారు.

మూడు.. నైట్రోజన్ ఆక్సైడ్లు. ఊపిరితిత్తులను ఇబ్బంది పెట్టడమే కాదు, ఎండలో హైడ్రోకార్బన్లతో కలిసి నేల మట్టంలో ఓజోన్ తయారవడానికి కారణం అవుతాయి.

కన్వర్టర్ మొదటి రెండింటికీ ఆక్సిజన్ కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. మూడో దాని నుంచి ఆక్సిజన్‌ను విడదీసి మామూలు నైట్రోజన్‌గా మారుస్తుంది. గమనించారా? ఒకే డబ్బాలో ఒకవైపు ఆక్సిజన్ ఇవ్వాలి, ఇంకోవైపు ఆక్సిజన్ తీసేయాలి. అందుకే ఇది అంత ఈజీ కాదు.

లోహానికి ‘ప్లాటు’ ఎందుకు కావాలి?

రసాయన చర్య జరిగేది లోహం ఉపరితలం మీదే. లోపల దాగి ఉన్న అణువులు దండగ. 20 నానోమీటర్ల ప్లాటినం రేణువులో పైకి కనిపించే అణువులు దాదాపు 20లో ఒకటి మాత్రమే. అదే 2 నానోమీటర్ల రేణువైతే దాదాపు సగం అణువులు పైనే ఉంటాయి. అంటే రేణువు ఎంత చిన్నదైతే అంత లాభం. ఒక నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షల వంతు.

కానీ అంత చిన్న రేణువులు ఊరికే ఉండవు. వేడి తగిలితే పక్కపక్కవి కలిసిపోతాయి. రసం మీద తేలే చిన్న చిన్న నూనె చుక్కలు దగ్గరికొచ్చి పెద్ద చుక్కలుగా మారడం చూసే ఉంటారు. ఇదీ అలాగే. అందుకే వాటిని దూరం దూరంగా పరిచి పెట్టడానికి చాలా స్థలం కావాలి. ఆ స్థలం ఇచ్చేది అల్యూమినియం ఆక్సైడ్. దీని నిండా సూక్ష్మమైన రంధ్రాలే. ఒక్క గ్రాము పొడిలోని ఉపరితలాన్ని మొత్తం పరిస్తే దాదాపు 150 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 180 గజాల ప్లాటు!

చాలాకాలం శాస్త్రవేత్తలు ఆక్సైడ్ పని ఇంతే అనుకున్నారు. లోహం పని చేస్తుంది, ఆక్సైడ్ కింద స్థలం ఇస్తుంది. అంతే. కానీ అసలు కథ వేరే ఉంది.

1978లో ఏం తేలింది?

అమెరికాలో ఎక్సాన్ కంపెనీ ల్యాబ్. అక్కడి శాస్త్రవేత్తలు టౌస్టర్, ఫంగ్, గార్టెన్ ఒక ప్రయోగం చేశారు. ప్లాటినం, రోడియం, పల్లాడియంతో కలిపి ఆరు లోహాలను టైటానియం ఆక్సైడ్ మీద పెట్టారు. పెయింట్లలో తెల్లరంగు కోసం వాడే పదార్థమే ఇది. హైడ్రోజన్ వాయువులో 200 డిగ్రీల దగ్గర వేడి చేస్తే అంతా మామూలుగానే ఉంది. లోహం వాయువులను బాగానే పట్టుకుంది. అదే 500 డిగ్రీలకు వేడి చేశాక.. హైడ్రోజన్‌ను గానీ, కార్బన్ మోనాక్సైడ్‌ను గానీ దాదాపుగా పట్టుకోవడమే మానేసింది!

రేణువులు కలిసి పెద్దవైపోయాయా? కాదు. విషం ఎక్కిందా? అదీ కాదు. ఎందుకంటే ఆక్సిజన్‌తో మళ్లీ వేడి చేసి, తర్వాత తక్కువ వేడి దగ్గర హైడ్రోజన్ ఇస్తే లోహం మళ్లీ మామూలు స్థితికి వచ్చేసింది.

తర్వాతి ఏళ్లలో జరిగిన పరిశోధనల్లో గుట్టు బయటపడింది. ఎక్కువ వేడిలో టైటానియం ఆక్సైడ్ కొంత ఆక్సిజన్‌ను కోల్పోయి, కదిలి, లోహం రేణువు మీదికి ఎగబాకుతోంది. పాల మీద మీగడ కట్టినట్టు లోహాన్ని పల్చగా కప్పేస్తోంది. కింద లోహం ఉంది, కానీ వాయువులకు అందట్లేదు. ఆక్సిజన్ ఇస్తే ఆ మీగడ వెనక్కి పోతోంది.

దీనికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ‘స్ట్రాంగ్ మెటల్ సపోర్ట్ ఇంటరాక్షన్’. సింపుల్‌గా చెప్పాలంటే లోహానికి, కింద ఉన్న ఆక్సైడ్‌కు మధ్య గట్టి బంధం. ఆక్సైడ్ ఊరికే కూర్చునే పీట కాదని, లోహం ప్రవర్తననే మార్చేస్తుందని అప్పుడు అందరికీ అర్థమైంది.

బంగారం కూడా పని చేసింది!

దీనికి ఇంకో గట్టి ఉదాహరణ బంగారం. బంగారం తుప్పు పట్టదు, దేనితోనూ తొందరగా కలవదు. ఆ సుగుణం వల్లే నగలకు వాడతాం. ఉత్ప్రేరకంగా మాత్రం అది పనికిరాదనే చాలాకాలం అనుకున్నారు. అలాంటిది 1987లో జపాన్ శాస్త్రవేత్త మసతాకే హరూతా టీమ్ దీన్ని తలకిందులు చేసింది. బంగారాన్ని కొన్ని నానోమీటర్ల రేణువులుగా చేసి ఐరన్, కోబాల్ట్ లాంటి లోహాల ఆక్సైడ్ల మీద పెడితే.. సున్నా డిగ్రీల కంటే చాలా తక్కువ చలిలో కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా మార్చేసింది. అదే బంగారం ముద్దగా ఉంటే ఈ పని చేయదు. రేణువు సైజుతో పాటు, కింద ఏ ఆక్సైడ్ ఉందన్నదీ ఇక్కడ కీలకమే.

కారులో అసలు మ్యాజిక్ ఎక్కడ?

ఇప్పుడు మళ్లీ మన సైలెన్సర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ హీరో సీరియం ఆక్సైడ్. దీన్నే సీరియా అని కూడా అంటారు.

పెట్రోల్ ఇంజిన్‌లో ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఈ లెక్క ఎప్పుడూ కచ్చితంగా ఒకే చోట నిలవదు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా, వదిలినప్పుడల్లా కాస్త అటూ ఇటూ ఊగుతుంది. గాలి ఎక్కువైతే నైట్రోజన్ ఆక్సైడ్లను విడదీయడం కష్టం. పెట్రోల్ ఎక్కువైతే కార్బన్ మోనాక్సైడ్‌ను మార్చడానికి ఆక్సిజన్ చాలదు.

ఇక్కడే సీరియా ఎంట్రీ ఇస్తుంది. మన కాలనీల్లో నల్లా నీళ్లు వచ్చినప్పుడు సంపు నింపుకుంటాం, రానప్పుడు అందులోంచి వాడుకుంటాం కదా. సీరియా కూడా అంతే. పొగలో ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నప్పుడు పట్టి దాచుకుంటుంది. తక్కువైనప్పుడు తనలోంచి తీసి ఇస్తుంది. సీరియం అణువు రెండు స్థితుల మధ్య సులువుగా మారగలదు కాబట్టే ఇది సాధ్యం. దానికి జిర్కోనియం కలిపితే ఈ సంపు కెపాసిటీ పెరుగుతుంది, వేడికి కూడా బాగా తట్టుకుంటుంది.

కానీ సీరియా దాచిన ఆక్సిజన్ అంత తొందరగా బయటికి రాదు. పక్కనే లోహం ఉంటే చాలా సులువుగా వస్తుంది. లోహానికీ సీరియా అవసరమే. ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ సీట్లన్నీ ఆక్రమించేస్తుంది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్‌లు వేసి సీట్లన్నీ ఆపేసినట్టు! ఆక్సిజన్‌కు కూర్చోవడానికి చోటే ఉండదు. రెండూ పక్కపక్కన ఉంటే తప్ప చర్య జరగదు. అప్పుడు సీరియా తన ఆక్సిజన్‌ను పక్క నుంచి, రేణువు అంచు దగ్గర అందిస్తుంది. సీటుతో పనే లేదు.

అంటే అసలు పని లోహం మీద ఒక్కదాని మీదో, ఆక్సైడ్ మీద ఒక్కదాని మీదో కాదు.. రెండూ కలిసే సరిహద్దు గీత దగ్గర జరుగుతుంది. దీన్ని 2013లో ‘సైన్స్’ జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టి చూపించింది. నికెల్, పల్లాడియం, ప్లాటినం రేణువులను వేర్వేరు సైజుల్లో తయారు చేసి సీరియా మీద పెట్టారు. సరిహద్దు గీత పొడవు పెరిగే కొద్దీ కార్బన్ మోనాక్సైడ్‌ను మార్చే వేగం పెరిగింది. అవే రేణువులను అల్యూమినియం ఆక్సైడ్ మీద పెడితే ఆ ప్రభావం కనిపించలేదు.

మరి ఎందుకు పాడవుతుంది?

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు సమాధానం దొరికినట్టే. లోహం ఎక్కడికీ పోలేదు. పోయింది ఆ సరిహద్దు.

ప్రధాన శత్రువు విపరీతమైన వేడి. స్పార్క్ ప్లగ్ సరిగా పని చేయక ఇంజిన్ మిస్ కొడితే, కాలని పెట్రోల్ నేరుగా కన్వర్టర్‌లోకి వచ్చి అక్కడ మండుతుంది. ఉష్ణోగ్రత 1000 డిగ్రీలు కూడా దాటవచ్చు. అప్పుడు లోహం రేణువులు కలిసి ముద్దలవుతాయి. సీరియా రేణువులు కూడా పెద్దవై, ఉపరితలం తగ్గిపోతుంది. ఇద్దరూ తాకే గీత కుంచించుకుపోతుంది. రోడియంది ఇంకో సమస్య. గాలి ఎక్కువగా ఉన్న వేడిలో అది అల్యూమినియం ఆక్సైడ్ లోపలికి ఇంకిపోతుంది. అందుకే దాన్ని జిర్కోనియం ఉన్న ఆక్సైడ్ మీద పెట్టడం కంపెనీలకు అలవాటు. ఏ లోహాన్ని ఏ ‘మట్టి’ మీద పెట్టాలన్నది కూడా పెద్ద లెక్కే.

రెండో శత్రువు విషం. పెట్రోల్‌లో సీసం ఉంటే లోహాన్ని కప్పేస్తుంది. అందుకే మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మెట్రో నగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు కన్వర్టర్లు తెచ్చినప్పుడే సీసం లేని పెట్రోల్ కూడా తేవాల్సి వచ్చింది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలే వచ్చింది. తర్వాత సల్ఫర్ వంతు. ఇది లోహంతో పాటు సీరియాకూ అంటుకుని ఆక్సిజన్ సంపును మూసేస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ఇంధనంలో సల్ఫర్ పరిమితిని 50 పీపీఎం నుంచి 10 పీపీఎంకు తగ్గించడానికి ఇదీ ఒక కారణం. ఇంజిన్ ఆయిల్ మండితే అందులోని ఫాస్ఫరస్ కూడా పూత మీద పేరుకుంటుంది.

డ్యాష్‌బోర్డు లైటు చెప్పేది దీని గురించే!

కొత్త కార్లలో కన్వర్టర్‌కు ముందు ఒకటి, వెనక ఒకటి ఆక్సిజన్ సెన్సర్లు ఉంటాయి. ముందు సెన్సర్ దగ్గర ఆక్సిజన్ పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. సీరియా బాగా పని చేస్తుంటే వెనక సెన్సర్ దగ్గర ఆ ఊపు పెద్దగా కనిపించదు. సంపు ఎండిపోతే రెండు సెన్సర్లూ ఒకేలా ఊగుతాయి. అప్పుడు కారు కంప్యూటర్ ‘చెక్ ఇంజిన్’ లైటు వెలిగిస్తుంది. అంటే కంప్యూటర్ చెక్ చేసేది ప్లాటినం ఎంత ఉందని కాదు, ఆ ‘మట్టి’ ఆక్సిజన్ దాచగలుగుతోందా లేదా అని!

వేడికి చెడిపోని పూత వస్తుందా?

ప్రయత్నాలు గట్టిగానే జరుగుతున్నాయి. జపాన్‌లో డైహట్సు కంపెనీతో కలిసి పని చేసిన శాస్త్రవేత్తలు 2002లో ‘నేచర్’ జర్నల్‌లో ఒక ఆసక్తికరమైన పదార్థం గురించి చెప్పారు. అందులో పల్లాడియం, ఆక్సిజన్ ఎక్కువ ఉన్నప్పుడు ఆక్సైడ్ లోపలికి వెళ్లి కలిసిపోతుంది. తక్కువ ఉన్నప్పుడు చిన్న రేణువులుగా మళ్లీ బయటికొస్తుంది. ఇలా లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండటం వల్ల ముద్దలు కట్టే అవకాశం తగ్గుతుంది.

2016లో అమెరికాలోని న్యూ మెక్సికో యూనివర్సిటీ ప్రొఫెసర్ అభయ దాత్యే టీమ్ ఇంకో దారి చూపించింది. గాలిలో 800 డిగ్రీల వేడి దగ్గర ప్లాటినం అణువులు ఆవిరిలా ఎగిరి వెళ్లి, సీరియా మీద ఒక్కొక్కటిగా చిక్కుకుని అక్కడే నిలబడ్డాయి. ఏ వేడి అయితే ప్లాటినాన్ని ముద్దలు చేస్తుందో, అదే వేడితో దాన్ని విడివిడిగా కట్టేశారన్నమాట.

తెలుగు రాష్ట్రాలకు దీంతో లింకేంటి?

సీరియం దొరికేది మోనజైట్ అనే ఖనిజంలో. ఆంధ్రప్రదేశ్ తీరంలోని భీమిలి లాంటి చోట్ల బీచ్ ఇసుకలో ఈ మోనజైట్ ఉంది. రామగుండం లాంటి గ్యాస్‌తో నడిచే యూరియా ప్లాంట్లలో అమ్మోనియా తయారీకి హైడ్రోజన్ కావాలి. సహజ వాయువు నుంచి దాన్ని తీసే రియాక్టర్లలో ఆక్సైడ్ మీద పరిచిన నికెలే పని చేస్తుంది. ఇక హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో ఉత్ప్రేరకాల మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయి. అంటే రైతు చల్లే యూరియా బస్తా వెనక కూడా లోహం, ఆక్సైడ్ జోడీ ఉంది.

మీరు ఏం చేయాలి?

* ఇంజిన్ మిస్ కొడుతుంటే, ‘చెక్ ఇంజిన్’ లైటు మెరుస్తూ ఆరుతూ ఉంటే అలాగే లాగించకండి. ఒక్క లాంగ్ డ్రైవ్‌లోనే కన్వర్టర్ కాలిపోవచ్చు.

* బ్యాటరీ డౌన్ అయితే కారును పదే పదే నెట్టి స్టార్ట్ చేయకండి. కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి చేరుతుంది.

* ఇంజిన్ ఆయిల్ తొందరగా తగ్గిపోతుంటే మెకానిక్‌కు చూపించండి. ఆయిల్ మండుతోందంటే పూత పాడవుతున్నట్టే.

* సౌండ్ కోసం బైక్ సైలెన్సర్ మారుస్తున్నారా? పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియోలు చూసే ఉంటారు. సమస్య శబ్దం ఒక్కటే కాదు. ఒరిజినల్ సైలెన్సర్‌తో పాటు లోపలి కన్వర్టర్ కూడా పోతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 ప్రకారం కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే 10 వేల రూపాయల వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

* పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమా వద్దు. పెట్రోల్ బండ్లకు ఆ పరీక్షలో ప్రధానంగా చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లనే. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. కన్వర్టర్ దెబ్బతింటే ఆ మూడోది ఎంత బయటికి పోతోందో సర్టిఫికెట్‌లో కనిపించదు.

* చోరీ జరిగాక గానీ, పాడయ్యాక గానీ కొత్తది వేయించేటప్పుడు తక్కువ ధరకు వస్తోందని ఖాళీ డబ్బా పెట్టించుకోకండి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. లోపల పూత లేకపోతే అది ఉత్త గొట్టమే. మీ బండి వెనక వచ్చే స్కూల్ ఆటోలో పిల్లలు పీల్చేది ఆ పొగే.